గుర్రము ఏల ఆగెను?

ప్రియ చదువరీ, బొగ్గుబాయిల ఊరిలో కూర్చుండి గుర్రముల సంగతి వ్రాయుటేల అని నీవు అడుగవచ్చును. మా గోదావరిఖనిలో గుర్రము కనబడునది పెండ్లి ఊరేగింపులలోనే. నేను పనిచేసిన బాయిలో టబ్బులను లాగినది ఇనుపతాడు గాని గుర్రము కాదు. అయినను గుర్రములనుగూర్చి నేర్చుకొనిన ఒక సంగతి, నేను చేసిన ఒక తప్పును నాకు చూపించినది. అది నీకును అక్కరకు వచ్చునేమో అని వ్రాయుచున్నాను.

బ్రిటను దేశపు గనులలో ఒకప్పుడు గుర్రములే టబ్బులను లాగెడివి. 1913 ప్రాంతమున అక్కడ భూమిలోపల ఇంచుమించు 70,000 గుర్రములు పనిచేసినవి. వాటిలో కడపటిది 1999లో పని చాలించెను. ఆ గనుల వృద్ధులు తరచుగా ఒక మాట చెప్పెడివారు. నడుచుచున్న గుర్రము చీకటిలో ఉన్నట్టుండి ఆగిపోవును. కొట్టినను కదలదు. కొంతసేపటికి ముందున్న పైకప్పు కూలును. అట్టి ప్రతి కథయు నిజమని నేననను. కాని మన చెవులకందని సన్నని శబ్దములు గుర్రమునకు వినబడునన్నది నిజమే. కాబట్టి దానిని తోలెడి కుర్రవాని యెదుట ఒక ప్రశ్న నిలిచెడిది: ఇది మొండితనమా, లేక ఇది నాతో ఏదైనను చెప్పుచున్నదా?

గుర్రములన్నియు ఒకే మూసలో పోసినవి కావు. ఫ్రాన్సు దేశపు పరిశోధకులు గుర్రముల స్వభావమును పరీక్షించి, ముఖ్యముగా అయిదు సంగతులను కొలుచుచున్నారు. అది ఎంత భయపడును? తోడులేక ఎంత తల్లడిల్లును? మనుష్యులయెడల ఎట్లుండును? ఎంత నిలకడలేక తిరుగును? ఒంటిమీద చేయి పడినయెడల ఎంత త్వరగా గ్రహించును? ఈ గుణములు ఒక్కొక్క గుర్రములో ఏండ్లు గడిచినను చాలవరకు నిలిచియుండునని వారు కనుగొనిరి.

అందుచేత తెలివిగల శిక్షకుడు అన్నిటికిని ఒకే మందు వేయడు. పిరికి గుర్రమునకు క్రొత్త వస్తువును దూరమునుండి చూపించును. అది బెదరకమునుపే వెనుకకు త్రిప్పి, మరల కొంచెము దగ్గరకు తెచ్చి, తానే వాసన చూచువరకు ఓర్చుకొనును. మందముగానున్న గుర్రమును పదేపదే తన్నడు. తన్నినకొలది దాని చర్మము మొద్దుబారునని ఎరిగి, మెల్లగా ఒక్క సైగ చేసి, అది కదలినవెంటనే చాలించును. ఉడుకు గుర్రమును మరింత పరుగెత్తించడు. నెమ్మదిగా నడిపించి, మలుపులు త్రిప్పి, దాని మనస్సును పనియందు నిలుపును. ఏ గుర్రమునకైనను కళ్లెము బిగించుటవలన పాఠము రాదు. అది లోబడిన ఆ క్షణముననే పగ్గమును సడలించుటవలన పాఠము వచ్చును. ఆలస్యముగా సడలించినయెడల, తాను చేసినదానిలో ఏది మంచిదో దానికి తెలియనే తెలియదు.

మరియొక జాగ్రత్త కలదు. మొండిదని పేరుపడిన గుర్రమునకు జీను క్రింద పుండు ఉండవచ్చును, పండ్లలో నొప్పి ఉండవచ్చును. కాబట్టి స్వభావమునకు పేరు పెట్టకమునుపు మంచి శిక్షకుడు దాని వీపు తడిమి చూచును. అలెగ్జాండరు బాలుడైయున్నప్పుడు, ఎవరికిని లొంగని గుర్రమొకటి తన నీడను చూచియే బెదరుచున్నదని కనిపెట్టి, దాని ముఖమును సూర్యునివైపు త్రిప్పెనని ప్లూటార్కు వ్రాసెను. పెద్దలందరు గుర్రమును చూచిరి. అది దేనిని చూచుచున్నదో ఆ బాలుడు చూచెను.

మనము గుర్రమును చదువుచుండగా అదియు మనలను చదువుచున్నది. 1904లో బెర్లినులో హాన్సు అను గుర్రము లెక్కలు చేయుచున్నదని లోకము ఆశ్చర్యపడెను. ఎంత అని అడిగిన అన్ని మారులు అది గిట్టతో నేలను తట్టెడిది. 1907లో ఫుంగ్‌స్ట్ అను పండితుడు అసలు సంగతి కనుగొనెను. దానికి లెక్కలు రావు. సరియైన సంఖ్య రాగానే అడిగినవాడు తనకు తెలియకయే తలను రవంత కదల్చును. దానిని చూచి గుర్రము ఆగును. ఇంత సూక్ష్మమైన కదలికనే కనిపెట్టగల ప్రాణికి మన విసుగును, కోపమును తెలియకుండునా?

ఇప్పుడు నా తప్పు చెప్పెదను.

బాయిలో దిగువాడు మొదట శిక్షణ పొందవలెనని 1966నుండి నియమములున్నవి. అట్లు శిక్షణ ముగించిన యిద్దరు కుర్రవాండ్రను, నేను సర్దారుగా నున్న దినములలో నాకు అప్పగించిరి. ఒకడు దుడుకువాడు, వెనుకముందు చూడడు. రెండవవాడు భయస్థుడు. ఇద్దరికిని ఒకే గొంతుతో, ఒకే గద్దింపుతో పని నేర్పితిని. అందరిని సమముగా చూచుచున్నానని లోలోపల గర్వపడితిని.

పైకప్పును కఱ్ఱతో తట్టి వినుట బాయిలో మొదటి పాఠము. గట్టి రాయి ఖంగుమనును. పొర విడిన రాయి బోలుగా పలుకును. ఒకదినమున ఆ భయస్థుడు తట్టి విని, “కాకా, ఇక్కడ సప్పుడు వేరే వస్తాంది” అనెను. నేను వచ్చి తట్టి చూచితిని. కప్పు గట్టిగానే యున్నది. “అది నీ గుండె సప్పుడురా!” అంటిని. చుట్టుననున్న వారందరు నవ్విరి. వాడును నవ్వెను.

నెల తిరుగకమునుపే, మరియొక చోట, మేము సద్ది తినుటకు ప్రక్కకు వచ్చిన వేళ, మంచమంత బండ ఊడిపడెను. దేవుని కృపచేత దానిక్రింద ఎవరును లేరు. పొద్దున నేను తట్టినప్పుడు అది గట్టిగానే పలికెను. కాని కప్పు పూటపూటకు మారునది. సాయంకాలము పైకి వచ్చినతరువాత వాడు నా ప్రక్కకు చేరి, నేలచూపులు చూచుచు, “ముందుగాల్నే విన్న కాకా. మళ్ళ నవ్వుతరని చెప్పలే” అనెను.

చదువరీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వాని భయమును పోగొట్టుచున్నాననుకొంటిని. కప్పుభయమునకు మించిన భయము, నా భయము, వానిలో పెట్టితిని. ఆగిన గుర్రమును కొట్టి నడిపించితిని. వాని భయమే వాని చెవి. దానిని నేనే మూసితిని.

అటుతరువాత దుడుకువానిని ప్రతి చోటను ఆపి, తట్టించి, విన్నది నోట చెప్పించి గాని అడుగు వేయనియ్యలేదు. భయస్థుడు పిలిచినప్పుడెల్ల వెళ్లితిని. అనేకమారులు అక్కడ ఏమియు లేదు. అయినను వెళ్లి, తట్టి చూచి, “పిలిచి మంచిపని చేసినవు” అని చెప్పితిని. ఆ మాట చెప్పుట నాకు మొదట చాల కష్టమాయెను.

ఇది పక్షపాతము కాదా అని నీవు అడుగవచ్చును. బాయిలో చట్టము అందరికి ఒకటే గదా! ఒకటే. ఇద్దరును కప్పును తట్టవలసినదే. ఒకనికి మినహాయింపు లేదు. బండ పడునప్పుడు ఎవని స్వభావమును అడుగదు. పాఠము మారదు, దానిని చేర్చు త్రోవ మారును. ఇద్దరిని ఒకే విధముగా గద్దించినది నా న్యాయబుద్ధి కాదు, నా సోమరితనము. ఒక్కొక్కని చూచుటకు ఓపికలేక, చూడకుండుటకే సమత్వమని పేరు పెట్టుకొంటిని.

బుద్ధిలేని గుర్రమువలె ఉండవద్దని 32వ కీర్తన హెచ్చరించునని మనమందరము ఎరుగుదుము. కళ్లెము సంగతి వచ్చు ఆ వచనమును నేను కుర్రవాండ్రకు ఎన్నిమారులు చెప్పితినో లెక్కలేదు. దానికి ముందటి వచనమును మాత్రము తేలికగా దాటిపోతిని. అక్కడ దేవుడు తాను నడిపించువానిమీద దృష్టి నిలుపుదునని మాట ఇచ్చుచున్నాడు. కళ్లెముకంటె ముందు చూపు ఉన్నది. నేను కళ్లెము పట్టుకొంటిని గాని చూపు నిలుపలేదు.

నీ యింటను ఒక బిడ్డ ఉండవచ్చును. నీ తరగతిలో ఒక పిల్లవాడు, నీ చేతిక్రింద ఒక పనివాడు ఉండవచ్చును. రేపు వాడు నడుచుచు నడుచుచు ఆగిపోవును. నీ చేయి లేచును. లేదా నీ నోట పరిహాసము వచ్చును. ఆ గడియలో రవంత నిలిచి, వాడు దేనిని చూచుచున్నాడో అటు చూడుము, ఏమి వినుచున్నాడో చెవియొగ్గుము. అక్కడ ఏమియు లేకపోవచ్చును. అయినను వెళ్లి తట్టి చూడుము. ఈసారి నీవు వచ్చితివి గనుక మరుసారి వాడు నిన్ను పిలుచును.