చదువు రాని తప్పు ఎవరిది?

ముందు మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో గూడెం నుంచి వచ్చిన ఒక పాపకు ‘ద’కూ ‘ధ’కూ తేడా పదేపదే చెప్పాం. రెండూ ఒకేలా పలికేది. విసుగొచ్చి ‘మొద్దు’ అన్నాం. మేమూ కోయవాళ్లమే. మా భాషలో ఒత్తు పలుకులు లేవని తెలుసు. అయినా అన్నాం. చిన్నప్పుడు మమ్మల్ని అన్న మాటే అది. (నిజానికి తెలుగు పిల్లలే చాలామంది ఆ తేడా పలకరు. వాళ్లనెవరూ మొద్దులనరు.)

ఆదివాసీ పిల్లలకు చదువు రాకపోతే ‘వాళ్ల జాతి అంతే’ అనేవాళ్లు ఇంకా ఉన్నారు. మెదడు శాస్త్రం ముందు ఈ మాట నిలవదు. మనిషికి మాట ఎన్నో వేల తరాల నాటిది. రాత పుట్టి సుమారు 5,000 ఏళ్లే. అందుకే చదవడానికంటూ మెదడులో పుట్టుకతో వచ్చే భాగం లేదు, ఏ కులం బిడ్డకూ లేదు. ముఖాలనూ వస్తువులనూ గుర్తుపట్టే చోటే, ఎడమ పక్కన కొంత, అక్షరాలకు అలవాటు పడుతుందని ఫ్రాన్సు శాస్త్రవేత్త స్టానిస్లాస్ దెహేన్ చెప్పారు. ఆయన బృందం బ్రెజిల్, పోర్చుగల్ దేశాలకు చెందిన 63 మంది పెద్దవాళ్లను పరీక్షించి, 2010లో ఫలితాలు ప్రకటించింది. పెద్దయ్యాక అక్షరాలు నేర్చినవాళ్ల మెదడులోనూ ఆ మార్పు కనిపించింది. రాత్రిబడికి వెళ్లే మన అమ్మలను ఎగతాళి చేసేవాళ్లు ఇది వినాలి.

ఇక చెవి సంగతి. ఏడాది నిండేసరికి బిడ్డ చెవి ఇంటి భాష పలుకులకు పదునెక్కుతుంది. ఆ భాషలో లేని తేడాలు పట్టడం తగ్గుతుంది. అంటే ఆ పాప అమ్మ భాషను చక్కగా నేర్చిన పిల్ల.

అక్షరం పలుకు కావాలి, ఆ పలుకు వెళ్లి ముందే తెలిసిన మాటను తాకాలి. అప్పుడే చదవడం. వాచకంలో ‘ఏరు’ చదివించి అర్థం అడిగితే మా పిల్లలు నీళ్ల కుండ చూపిస్తారు. కోయలో ఏరంటే నీళ్లు, తెలుగులో వాగు. ఆ జవాబుకు తప్పు గుర్తు పెడితే, చదవగలిగిన బిడ్డకు చదువు రాదని మనమే రాసినట్టు.

తెలుగు వద్దని మేము అనడం లేదు. కోర్టు, బ్యాంకు, ఉద్యోగం అన్నిటికీ అది కావాలి. కోయను తెలుగు లిపిలోనే రాసుకుంటే నేర్చిన అక్షరాలు రెండు భాషలకూ పనికొస్తాయి. మొదటి మెట్టు మాత్రం తెలిసిన మాట మీద ఉండాలి.

తెలియక ‘మొద్దు’ అన్నవాళ్లను క్షమించవచ్చేమో. మాకు తెలుసు కదా?

ఆ పాప ఇప్పుడు తల్లి. కొడుకును మా బడిలోనే చేర్పించింది. పలక మీద ‘ఏరు’ రాసి చదవమన్నాం. చదివి, నీళ్లన్నాడు. అవునన్నాం. తర్వాత పిల్లలందరినీ వాగు దగ్గరికి తీసుకెళ్లాం.