బాగుచేయుదమా? మార్చుదమా?



ఒకప్పుడు పట్టణములలోని ధనికుల యిండ్లలో మాత్రమే కనబడిన ఏ.సి. యంత్రము నేడు మన పల్లెలకును వచ్చియున్నది. మంచము పట్టిన తల్లి కొరకో, పసిబిడ్డ కొరకో వాయిదాల మీద దానిని కొన్నవారు మన సంఘములలో ఉన్నారు. నడివేసవిలో అది ఆగిపోయినప్పుడు ఆ యింట ఒక ప్రశ్న పుట్టును: దీనిని బాగుచేయింతమా, క్రొత్తది కొందమా?

కొందరు పాతదానిని విడువనొల్లక దానినే పొదుపందురు. కొందరు క్రొత్తదానికి సాకు వెదకుచు దానినే అవసరమందురు. ఇరువురును మనస్సులో ముందుగా తీర్మానించుకొని, పిమ్మట కారణములు వెదకువారే. మొదట అడుగవలసినది వేరు: చెడినది ఏది?

రాజుల రెండవ గ్రంథము 12వ అధ్యాయము మనకు తెలిసినదే. యోవాషు ఏలుబడిలో 23వ సంవత్సరము వరకు రూకలు వచ్చుచునే యున్నను మందిరపు బీటలు మాత్రము అట్లే యుండెను. ఆ రూకలు పనివారి చేతికి నేరుగా చేరిన తరువాతనే పని జరిగెను.

ఏ.సి. విషయములోను ఇట్లే జరుగుచున్నది. ఏటేట గ్యాసు నింపించుచున్నామని చెప్పువారు కలరు. అయితే ఆ గ్యాసు దీపములోని కిరసనాయిలువలె ఖర్చగునది కాదు. మూసిన గొట్టములలో తిరుగుచుండునది. అది తగ్గినదనగా ఎక్కడనో కారుచున్నదని అర్థము. కారుచోటు వెదకక నింపించుట డబ్బును గాలికి వదలుటయే. ఒక్కొక్కప్పుడు దుమ్ము పట్టిన జల్లెడను మన చేతులతో కడిగిన చాలును. ఒక్కొక్కప్పుడు కెపాసిటర్ అను చిన్న భాగము చెడినందున కంప్రెషర్ తిరుగకుండును. అది పెద్ద ఖర్చు కాదు. కంప్రెషరే పోయినచో హామీ కాగితము తీసి చూడవలెను. దానికి మిగిలిన భాగములకంటె ఎక్కువ ఏండ్ల హామీ ఉండుట కద్దు.

హామీ తీరి కంప్రెషర్ పోయినను, గొట్టములు పలుచోట్ల తినివేయబడినను, మార్చుట దుబారా కాదు. అయితే గోపురము కట్టగోరువాడు ముందుగా కూర్చుండి లెక్క చూచుకొనునట్లు మనమును చూచుకొనవలెను. ధర ఒక్కటే లెక్క కాదు. పాత యంత్రము గంటకు ఒకటిన్నర యూనిట్లు, క్రొత్తది ఒక యూనిట్ తీసికొనునని అనుకొందము. దినమునకు 8 గంటల చొప్పున 90 దినములలో తేడా 360 యూనిట్లు. దానిని మీ కరెంటు బిల్లులోని ధరతో హెచ్చించి, వాయిదాల వడ్డీ ప్రక్కన పెట్టి చూడుడి. అప్పుడు కొందరికి పాతదే మేలని, కొందరికి క్రొత్తదే మేలని తేలును.

ఇంకొక లెక్క కలదు. అది కాగితము మీదికి రాదు. మనము తర్కించుచున్నంతసేపు ఆ వేడిని భరించుచున్నది ఎవరు? వడదెబ్బ వృద్ధుల ప్రాణము తీయగలదు. తల్లి గదిలో ఉడికిపోవుచుండగా కుమారుడు చౌక బేరము కొరకు నెల దినములు వేచియుండుట పొదుపు అనిపించుకొనదు. బాగుచేయించినను మార్చినను, ఆ దినముననే ఆమెను చల్లని తావునకు చేర్చి, నీళ్లిచ్చి, ఫ్యాను అమర్చుట మొదటి పని.

మార్చినవారు పాతదానిని ఏమి చేయుదురు? బీదవానికి దానముగా ఇచ్చుట మంచిదే యని తోచును. కాని మనము భరింపలేని కరెంటు బిల్లును అతడు ఎట్లు భరించును? అది దానము కాదు, భారము దించుకొనుట. పాత సామానుల వానికి వేసినచో గొట్టములు కోసి గ్యాసును గాలిలోనికి వదలుదురు. పాత యంత్రములలోని ఆర్-22 అను గ్యాసు ఓజోను పొరకు హాని చేయును. బరువుకు బరువు చూచినచో 100 ఏండ్లలో బొగ్గుపులుసు వాయువుకంటె సుమారు 1,800 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కించును. 1987 నాటి మాంట్రియల్ ఒడంబడిక ఇట్టి వాయువులను మాన్పించుటకే పుట్టెను. మన గది చల్లబడుటకై రేపటి బిడ్డల పొలములు ఎండుట న్యాయమా? కావున గ్యాసును సిలిండరులోనికి తిరిగి తీయగల పనివానిని అడుగుడి. క్రొత్తది అమ్మువాడు పాతదానిని తీసికొని సక్రమముగా పంపునేమో ముందే తెలిసికొనుడి.

ఈ వేసవిలో మీ యింట ఈ ప్రశ్న వచ్చినయెడల ఇంటివారందరు కలిసి కూర్చుండి, ఆ గదిలో నిద్రించువారి మాట మొదట వినుడి.