చెవి నేర్చినది, సంఘం నేర్పినది

యాసను బట్టి మనిషిని అంచనా వేయడం మానవ స్వభావమేనని, చెవికి తేడా వినిపించిన చోట మనస్సు తీర్పు చెప్పక మానదని వాదించేవారున్నారు. ఇదే నిజమైతే ఉచ్చారణ పేరిట సాగే అవహేళనకు ప్రకృతి బాధ్యురాలు, సంఘం నిర్దోషి. కాని అప్పుడప్పుడే మాటలు నేర్చే పసిబిడ్డ ఎలా వింటున్నాడో పరిశీలిస్తే ఈ వాదం నిలవదు.

2000లో అమెరికాలో స్వింగ్లీ, ఆస్లిన్ అనే పరిశోధకులు 18 నుంచి 23 నెలల పిల్లలకు రెండేసి బొమ్మలు చూపి, ఒకదాని పేరు చెప్పి, వారి చూపు ఎటు మళ్లుతుందో గమనించారు. 'బేబీ' అంటే చూపు ఆ బొమ్మమీద చక్కగా నిలిచింది. 'వేబీ' అన్నా అటే మళ్లింది గాని, తడబడింది. ఒక్క హల్లు మారినా పిల్లలు పసిగట్టారు. అయినా మాటను తోసిపుచ్చలేదు. ఎక్కువ మాటలు వచ్చిన బిడ్డకూ తక్కువ వచ్చిన బిడ్డకూ ఇందులో భేదం కనబడలేదు.

2011లో వైట్, ఆస్లిన్ మరో అడుగు వేశారు. 'డాగ్'ను 'డ్యాగ్' అని, ఆ తీరునే తక్కిన మాటలనూ పలికే ఒక గొంతును, తెలిసిన వస్తువుల బొమ్మలు చూపుతూ, 19 నెలల పిల్లలకు కొద్దిసేపు వినిపించారు. తరువాత ఆ గొంతు అదే అచ్చు మార్చి పలికిన మాటలను, ముందు విననివాటిని సైతం, పిల్లలు గుర్తించారు. అచ్చును వేరొక విధంగా మారిస్తే మాత్రం ఒప్పుకోలేదు. కనుక ఇది చెవి మందగించడం కాదు. ఈ మనిషి ఉచ్చారణకు ఒక నియమం ఉన్నదని గ్రహించడం.

మరి తారతమ్యం ఎక్కడ పుట్టింది? అలవాటైన యాసపట్ల మక్కువ శైశవంలోనే ఉంటుంది, నిజమే. కాని మక్కువ వేరు, హోదా కట్టడం వేరు. 2013లో కింజ్లర్, డిజీసస్ అనేవారు అమెరికా ఉత్తరాది, దక్షిణాది యాసలను ఇల్లినాయ్, టెనెసీ రాష్ట్రాల పిల్లలకు వినిపించారు. 5, 6 ఏళ్లవారు ఏ యాసకూ తెలివిని అంటగట్టలేదు. 9, 10 ఏళ్లవారు రెండు చోట్లా ఉత్తరాదివారు తెలివైనవారని, దక్షిణాదివారు మంచివారని చెప్పారు. అంటే తమకంటే ఉత్తరాదివారే తెలివైనవారని దక్షిణాది పిల్లలు సైతం నమ్మారు! ఈ పాఠం వారికి చెవి నేర్పలేదు. నడుమ గడిచిన నాలుగేళ్లలో సంఘం నేర్పింది.

మన బడుల్లోనూ ఇదే పాఠం సాగుతున్నది. 'శాంతి'ని 'సాంతి' అన్న బాలుడి మాట ఉపాధ్యాయుడికి అర్థం కాక కాదు, తరగతి నవ్వేది. అర్థమైన మాటనే తప్పుగా, తప్పును తక్కువతనంగా మార్చుతున్నాం. పుస్తకభాష నేర్పవలసిందే, దానికి అవమానం అక్కరలేదు. శ్రద్ధగా వింటే ఆ బాలుడి సకారానికీ ఒక నియమం ఉన్నది. పందొమ్మిది నెలల బిడ్డ కొద్దిసేపట్లో పట్టుకోగలిగిన అటువంటి నియమాన్ని చదువుకున్నవారు పట్టుకోలేకపోవడం అశక్తత కాదు, ఇష్టం లేకపోవడం. భేదాన్ని వినడం జ్ఞానం. దానికి హెచ్చుతగ్గులు కట్టడం అధికారం. సంఘం నేర్పిన ఈ అధికారాన్ని సంఘమే మాన్పాలి.