నల్లద్దాల మనవరాలికి

చిట్టితల్లీ,

దుమ్ముగూడెం నుంచి తాతయ్య ఆశీస్సులు. మీ అమ్మ నీ సంక్రాంతి ఫొటోలు చూపించింది. ఇంట్లో దిగిన ఫొటోలో కూడా నల్లద్దాలెందుకే అంటే మాట మార్చింది. ఫోనులో నువ్వూ మార్చావు. పొద్దున లేచేసరికి నీ రెప్పలు పుసులతో అంటుకుపోతున్నాయనీ, అంచులు ఎర్రబడి పొట్టు రాలుతోందనీ చివరికి మీ తమ్ముడే చెప్పాడు. వాడి మీద కోప్పడకు.

మందుల షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే ఇట్టే తగ్గిపోతోందట. ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

నువ్వు ఎరిగేనాటికే మీ చిన్న నాయనమ్మ గోడ పట్టుకుని నడిచేది. ముసలితనం అనుకుని ఉంటావు. కాదు. ఆమెకూ రెప్పలు ఇలాగే ఎర్రబడేవి. ఊళ్లో సూదులేసే ఆయన ఒక ట్యూబు ఇచ్చాడు. రాస్తే ఎరుపు పోయేది, మానితే వచ్చేది, మళ్లీ రాసేది. అలా ఏళ్లు గడిచాయి. అందులో ఉన్నది స్టెరాయిడ్. కొందరిలో అది కంటి లోపల ఒత్తిడి పెంచి, నొప్పి కూడా లేకుండా చూపు నరాన్ని దెబ్బతీస్తుంది. నీటికాసులంటారు చూడు, అదే. ముందు పక్కచూపు పోతుంది కాబట్టి మనిషికి తెలియదు. వాకిట్లో బిందె తన్నుకుని పడేదాకా మాకెవరికీ అనుమానం రాలేదు. వాగు కింద ఎకరం అమ్మి హైదరాబాదు తిప్పాం. పోయిన చూపు తిరిగి రాదన్నారు. ఆ ఎకరం ఇప్పుడు ఎవరిదో నీకు తెలుసు, వాళ్ల మిర్చి కల్లం పక్కనే నువ్వు బస్సెక్కుతావు.

నేను చర్ల అవతల గూడేల్లో పంతులుగా చేరినప్పుడు పిల్లల కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి. పొయ్యి పొగ, తునికాకు దుమ్ము, మిర్చి కోసిన చేతులతో కళ్లు నులుముకోవడం. ఒకరు నందివర్ధనం పూలు పెట్టేవారు, ఒకరు చనుబాలు పిండేవారు. ఇంటిల్లిపాదికీ ఒకటే తుండుగుడ్డ. ట్రకోమా అనే అంటుజబ్బు ఎందరి చూపో తీసింది ఈ దేశంలో. అది ఇక ప్రజారోగ్య సమస్య కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో మనకు గుర్తింపునిచ్చింది. దాన్ని తరమడానికి మందులతోపాటు మొహం శుభ్రంగా కడుక్కోమని కూడా ఊరూరా చెప్పారు. మీకేమో ఆ మాటంటే నామోషీ. రీల్సులో ఎవరో చెప్పిందే వేదం. ఫోను చూస్తూ రెప్ప వేయడం కూడా మరిచిపోతున్నారు. 2023 జనవరిలో మీ ఖమ్మంలోనే సర్కారువాళ్లు కంటి వెలుగు పథకం రెండో విడత మొదలుపెట్టి జనానికి అద్దాలిచ్చారు, మంచి పనే. కానీ రెప్ప వాపు అద్దాలతో పోయేది కాదు.

సరే, పని మాట విను.

రెప్పల అంచున సన్నటి నూనె గ్రంథులుంటాయి. ఆ నూనె గడ్డకట్టి నోళ్లు మూసుకుపోతే వాపు, కురుపులు. దాన్ని కరిగించాలి. చేతులు సబ్బుతో కడుక్కో. శుభ్రమైన నూలుగుడ్డ గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండి, మూసిన కళ్ల మీద 5 నుంచి 10 నిమిషాలు పెట్టు. చల్లారితే మళ్లీ ముంచు. వేడి ముందు మణికట్టు మీద చూసుకో. తర్వాత పై రెప్పను కిందికి, కింది రెప్పను పైకి, వేలితో మెల్లగా నిమురు. కాచి చల్లార్చిన నీళ్లలో బేబీ షాంపూ కొన్ని చుక్కలు కలిపి, దూదితో వెంట్రుకల మొదళ్లు తుడిచి కడిగేయి. ఈ కంటి దూది ఆ కంటికి వద్దు. మొదట రోజుకు రెండుసార్లు, నెమ్మదించాక ఒకసారి. పళ్లు తోముకోవడం లాంటిదిది, తగ్గిందని మానేది కాదు. వారాలు పడుతుంది. విసుక్కోకు.

తగ్గేదాకా కాటుక వద్దు, పాతది పారేయి. చుండ్రు ఉంటే దాని సంగతీ చూడు. దిండు గలీబు, తువ్వాలు నీవి నీకే ఉండాలి. హాస్టల్లో మొహమాటపడకు.

ట్యూబు మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఏది కనిపించినా డాక్టరుకు చూపించకుండా ఇంకోసారి రాయకు. నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా, చూపు మసకబారినా ఆ రోజే వెళ్లు. ఏమీ లేకపోయినా సరే, ఈ సోమవారం క్లాసు మానేసి ఖమ్మం పెద్దాసుపత్రిలో కంటి ఒత్తిడి చూపించుకో. ట్యూబు వెంట తీసుకెళ్లు, ఎన్నాళ్లుగా రాస్తున్నావో దాచకుండా చెప్పు.