నీ నొప్పి గురించి నువ్వే చెప్పమ్మా

బుజ్జమ్మా, డాక్టరమ్మ వెళ్లమన్న గ్రూపుకి వెళ్లనంటున్నావట. "నలుగురం కూచుని ఏడిస్తే నొప్పి తగ్గుతుందా అత్తా?" అని మొన్న ఫోనులో నన్నూ అడిగావు. తగ్గుతుందని నేను మాటివ్వను. అయినా వెళ్లమనే అంటాను.

పెద్దాడు పుట్టిన దగ్గర్నుంచీ నీ నొప్పి గురించి అందరూ మాట్లాడారు. రక్తపరీక్షలన్నీ బావున్నాయన్నారు ఒకరు, ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు ఇంకొకరు. ఇంట్లో పని తప్పించుకోడానికే అని గొణిగారు. ఫైబ్రోమయాల్జియా అని తేలేసరికి నీ మీద నీకే అనుమానం పట్టుకుంది. ఇన్నేళ్లలో నోరు విప్పనిది నువ్వొక్కదానివే. ఈ జబ్బు ఆడవాళ్లలోనే ఎక్కువ, మామూలు పరీక్షలకు దొరకదు. దొరకనంత మాత్రాన లేనట్టు కాదు. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో నిర్వచనాన్ని తిరగరాసినప్పుడు, మనిషి నొప్పి అని చెబితే ఆ మాటను గౌరవించాలని కూడా చేర్చింది. మీ అత్తగారికి ఈ సంగతి నేనే చెబుతాలే.

ఇక ఆ గ్రూపు సంగతి. అక్కడ పాటించేది ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్, న్యూజిలాండ్‌లో డేవిడ్ ఎప్‌స్టన్ కలిసి తీర్చిదిద్దిన పద్ధతి. 1990లో పుస్తకం కూడా రాశారు. మనిషి వేరు, సమస్య వేరు అన్నది వాళ్ల పట్టు. అందుకే ముందు నీ నొప్పికి నిన్నే ఒక పేరు పెట్టమంటారు. అది ఎప్పుడొస్తుంది, ఎవరి మాటలతో బలపడుతుంది, నీ దగ్గర్నుంచి ఏమేం లాక్కుంది అని అడుగుతారు. ఆ తర్వాత, నువ్వు దాని మాట చెల్లనివ్వని రోజు ఏదైనా ఉందా అంటారు. లేదని చెప్పేయకు తల్లీ. సంక్రాంతికి వేళ్లు ముడవలేక ముగ్గుపిండి పట్టుకోలేకపోయావు. గడప మీద కూచుని పాపచేత చుక్కలు పెట్టించి, "ఇక్కణ్ణుంచి అటు తిప్పు, ఇప్పుడు కలుపు" అంటూ పదకొండు చుక్కల ముగ్గు పూర్తి చేయించావు. నీ లెక్కలో అది చేతకాని రోజు. వాకిట్లో నిలబడి చూసినదాన్ని, నా లెక్క వేరు. అక్కడ ఆ రోజు గురించే చెప్పు.

ఒకామె చెబుతుంటే మిగతావాళ్లు వింటారు. అయ్యాక సలహాలివ్వరు, మెచ్చుకోళ్లూ ఉండవు. ఏ మాట తమకు తగిలింది, వింటుంటే కళ్లముందు ఏం మెదిలింది, తమ బతుకులో దేనికి తగిలింది, అదే చెబుతారు. మన ఇళ్లలో పరామర్శకు వచ్చినవాళ్లు ఒకరు పసుపుపాలంటారు, ఒకరు నూనె మర్దనా అంటారు, విన్నవాళ్లు మాత్రం ఉండరు. ఈ ఒక్క నియమం కోసమైనా వెళ్లాలి నువ్వు.

మందులు ఆపకు, డాక్టరమ్మ చెప్పిన నడక మానకు. కొత్తగా తిమ్మిరో, జ్వరమో వచ్చినా, ఊరికే బరువు తగ్గుతున్నా పాత నొప్పేలే అని ఊరుకోకుండా వెంటనే చూపించుకో. మొదటి రోజే అన్నీ చెప్పాలని లేదు, వింటూ కూచున్నా చాలు. అక్కడి మాట గడప దాటదని ముందే మాట తీసుకో. ఇవ్వకపోతే లేచి వచ్చేయ్.

శనివారం గ్రూపుకి వెళ్లేటప్పుడు పిల్లల్ని నా దగ్గర దింపు, అన్నాలు నేను పెడతాను. కుర్చీ గట్టిగా ఉంటే మొహమాటపడక నడుముకి దిండు అడుగు. మధ్యలో లేచి నాలుగడుగులు వేయాలనిపిస్తే వేసెయ్, అక్కడ నిన్నెవరూ ఎందుకని అడగరు.