పరాయి ప్రార్థనాలయపు గడపలో



మొన్న ఆదివారం దివ్యబలిపూజ ముగిశాక ఒక తల్లి గుడి మెట్ల దగ్గర ఆగి, తన ఫోను నా చేతిలో పెట్టింది. అందులో ఆమె చిన్న కొడుకు ఫొటో. శ్రీరాంపూర్‌లో పుట్టి పెరిగినవాడు, అబుదాబి వెళ్లి మూడు నెలలైంది. వెనుక తెల్లని గుమ్మటాలు. "ఫాదర్, సెలవు దినం దోస్తులతోని పెద్ద మసీదుకు పోయిండట. లోపల దాకా పోయిండట. మొదటి ఆజ్ఞ తప్పినట్టు కాదా? పాపసంకీర్తనం చేసుకొమ్మని చెప్పాల్నా?" అని అడిగింది.

నవ్వి పంపివేయదగిన ప్రశ్న కాదది. తండ్రి చేసిన గని ఉద్యోగం ప్రతి కొడుక్కూ దొరికే కాలం కాదిది. 1990ల ఆరంభంలో సింగరేణిలో లక్షమందికి పైగా పనిచేసేవారు. నేడు అందులో సగంమంది కూడా లేరు. అందుకే మన బిడ్డలు ఎడారి దేశాలకు వెళుతున్నారు. డబ్బు పంపుతారు సరే, విశ్వాసాన్ని కాపాడుకొంటారా అన్నదే ఆ తల్లి దిగులు.

ఆ కుర్రవాడు చూసింది షేక్ జాయెద్ మహా మసీదు. 2007లో ప్రార్థనలకు తెరిచారు. 82 గుమ్మటాలు, ఒకేసారి 40 వేల మంది ప్రార్థించగల చోటు. లోపల పరచిన ఒకే ఒక తివాచీ 5,600 చదరపు మీటర్లకు పైనే ఉంటుంది. ఇరాన్ పనివారు దాన్ని చేతితో అల్లారు. మక్కా వైపు గోడమీద ముస్లిములు దేవునికి చెప్పుకొనే 99 నామాలు చెక్కి ఉన్నాయి. ఇతర మతస్థులు కూడా ఒళ్లు నిండా బట్టలు కట్టుకొని, మర్యాదగా మసలుకొంటే లోపలికి వెళ్లి చూడవచ్చు. వేలాది కూలీల చెమటతో లేచిన కట్టడమది. గని కార్మికుని కొడుకు దాన్ని చూసి నిశ్శబ్దంగా నిలబడిపోతే అందులో వింతేముంది?

అయితే చూడటం వేరు, ఒప్పుకోవడం వేరు. సిరియా సేనాని నామాను కథ మీకు గుర్తుండే ఉంటుంది. కుష్ఠు నయమై సత్యదేవుని నమ్ముకొన్నాక అతనికి ఒక చిక్కు వచ్చింది. తన రాజు చేయి పట్టుకొని రిమ్మోను గుడికి వెళ్లక తప్పదు, అక్కడ వంగక తప్పదు. ఇందుకు ప్రభువు తనను మన్నిస్తాడా అని ఎలీషాను అడిగాడు. ప్రవక్త అతణ్ణి గద్దించలేదు, సమాధానంతో పంపాడు. హృదయం ఎవరిదో దేవునికి తెలుసు గదా!

మన పెద్దలు కూడా ఈ గడప దాటినవారే. 2001 మే 6న పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు డమాస్కస్‌లోని ఉమయ్యద్ మసీదులో అడుగుపెట్టారు. మసీదులోకి వెళ్లిన మొదటి పోపు ఆయనే. అక్కడ స్నాపక యోహానుగారి స్మారకాన్ని ముస్లిములే భద్రంగా కాపాడుతున్నారు. 2019 ఫిబ్రవరి 4న ఫ్రాన్సిస్ పోపుగారు ఇదే అబుదాబి మసీదును దర్శించి, మానవ సోదరభావం గురించిన పత్రంపై అల్ అజహర్ పెద్ద ఇమాముగారితో కలిసి సంతకం చేశారు. రెండవ వాటికన్ మహాసభ 1965లోనే ముస్లిములను గౌరవంతో చూడమని మనకు నేర్పింది.

అలాగని "అన్నీ ఒకటే" అని చేతులు దులుపుకోమని కాదు. వారు యేసును ప్రవక్తగా గౌరవిస్తారు, మరియ తల్లిని ఎంతో ఆదరిస్తారు. కాని యేసు దేవుని కుమారుడని ఒప్పుకోరు. ఆ ఒక్కమాట మీదే మన విశ్వాసం నిలిచి ఉంది. దాన్ని దాచిపెట్టి చేసే స్నేహం స్నేహం కాదు. ఎదుటివాని ప్రార్థనను ఎగతాళి చేస్తూ చాటే విశ్వాసం విశ్వాసమూ కాదు.

ఆ తల్లితో ఇలా అన్నాను: "మసీదు చూసినందుకు పాపసంకీర్తనం అక్కర లేదమ్మా. కాని ఒక మాట అడుగు, ఆదివారం పూజకు పోతున్నాడా అని. ఆ ఊళ్లోనే పునీత జోజప్పగారి కతీడ్రల్ ఉంది. మన గుడికి అక్కడ స్థలమిచ్చింది ముస్లిం పాలకులే. ఆ దగ్గరలోని ఒక మసీదుకు 2017లో యేసు తల్లి మరియమ్మ పేరు పెట్టారు." ఆమె కాసేపు ఊరుకొని, "అది అడగలేదు ఫాదర్" అంది.

ప్రియ పాఠకులారా, ఇతరుల మందిరాన్ని చూసినందువల్ల విశ్వాసం పోదు. మన మందిరానికి పోవడం మానుకొంటే పోతుంది.

ఇక మన సంగతి. గనిలోకి దిగేటప్పుడు అందరి తలమీదా అదే క్యాప్ ల్యాంపు. పైకప్పు కూలినప్పుడు అది ఎవరి మతమూ అడగదు. పక్క క్వార్టరులో ఏళ్ల తరబడి ఉన్న ముస్లిం కుటుంబం రంజాన్‌కు సేమ్యా పంపిస్తే తింటాం. వారింట చావు జరిగితే ఎంతమందిమి వెంట నడిచాం? ముక్కు మొగం తెలియని మన కుర్రవాణ్ణి అక్కడ లోపలికి రానిచ్చారు. రేపు ఒక ముస్లిం యువకుడు మన గుడి చూడాలని గుమ్మంలో నిలబడితే మనం ఏ చూపు చూస్తాం?

సొలోమోను దేవాలయాన్ని ప్రతిష్ఠించినప్పుడు దూరదేశం నుండి వచ్చిన పరదేశి కోసం కూడా ప్రార్థించాడు. అతని మొర ఆలకించమని సర్వేశ్వరుణ్ణి వేడుకొన్నాడు. మన బిడ్డలే పరదేశులైన ఈ రోజుల్లో, ఆ ప్రార్థనను మన ఇంటి జపమాలలో చేర్చుకొందాం.