విజయవాడ అమ్మమ్మ మురిసిన రోజు

2013 సెప్టెంబరు 15 రాత్రి అట్లాంటిక్ సిటీలో మన తెలుగమ్మాయి నీనా దావులూరి తల మీద మిస్ అమెరికా కిరీటం పెట్టారు. అప్పటికి మనకు తెల్లవారింది. విజయవాడలో అమ్మమ్మ వేగె కోటేశ్వరమ్మ గారి సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఆవిడ మామూలు అమ్మమ్మ కాదు. 1955లోనే అక్కడ మాంటిస్సోరి బడి పెట్టి, ఆడపిల్లల చదువుకే అంకితమై, 2017లో పద్మశ్రీ అందుకున్న పంతులమ్మ.

మనవరాలేమో మిషిగన్ విశ్వవిద్యాలయంలో మెదడు, ప్రవర్తనల శాస్త్రం చదివింది. డాక్టరు కావాలన్నది కోరిక. ఇంతవరకూ మన ఇళ్లలో చెప్పుకునే కథే. కానీ ఆ రాత్రి వేదిక మీద ఆమె చూపిన విద్య వేరు. చిన్ననాట నేర్చిన కూచిపూడిని బాలీవుడ్ చిందుతో కలిపి ఆడింది. రెండు నిమిషాలైనా లేని ఆ ఆటలో శాస్త్రీయ ముద్రలున్నాయి, సినిమా హుషారూ ఉంది. అమెరికా పిల్లలు పాటో పియానోనో ఎంచుకునే పోటీలో అదొక సాహసమే.

గెలవగానే సామాజిక మాధ్యమాల్లో కొందరు ఆమెను అరబ్బు అన్నారు, ఉగ్రవాది అన్నారు. వాటన్నిటికీ అతీతంగా ఉండాలనుకుంటున్నానని హుందాగా చెప్పి ఊరుకుంది. ఇక్కడ మనమేమన్నా తక్కువ తిన్నామా? ఇంత చామనఛాయ పిల్ల మన దేశం పోటీల్లో నెగ్గేదా అని మన పత్రికలే అడిగాయి. పెళ్లి ప్రకటనల్లో ‘తెల్లని అమ్మాయి’ కావాలని రాసే మనకు ఆ ప్రశ్న గుచ్చుకోవాల్సిందే.

కిరీటంతో పాటు 50 వేల డాలర్ల స్కాలర్‌షిప్ వచ్చింది. దాన్ని వైద్యవిద్యకే వాడుకుంటానంది పంతులమ్మ మనవరాలు.